మూడో మేఘం నాటకం చూడలేదు

పోయిన డిసెంబరులో మా అమ్మాయి మేఘం వేషం వేసింది. మూడో మేఘం. స్కూలు యాన్యువల్ డేలో నీటి పొదుపు మీద స్కిట్ అది. నాలుగు మేఘాలు, ఇద్దరు రైతులు, ఒక భూమాత, బోలెడు చెట్లు. మధ్యాహ్నం రెండింటికల్లా దింపెయ్యమన్నారు, దింపేశాను. ఒళ్ళంతా దూది అంటించిన తెల్ల గౌను, బుగ్గలకి గులాబి రంగు. డిసెంబరైనా మన విశాఖలో మధ్యాహ్నం ఉక్క సంగతి తెలిసిందే కదా, ఆ దూదిలో ఎలా కూర్చుందో పాపం. స్కిట్ స్టేజి ఎక్కేసరికి ఏడుంపావు. అందాకా జ్యోతి ప్రజ్వలన, ప్రార్థనా గీతం, ముఖ్య అతిథి ప్రసంగం, విశిష్ట అతిథి ప్రసంగం, వార్షిక నివేదిక, శాలువాలు, జ్ఞాపికలు.

స్కిట్ ఆరు నిమిషాలు. మాటలన్నీ ముందే రికార్డు చేసిన ట్రాకులోంచి వచ్చాయి, పిల్లలు పెదాలు కదిపారు. భూమాత పెదాలు కాస్త ముందు నడిచాయి, గొంతు వెనకాల వచ్చింది. మా మేఘం నాకు నేరుగా కనబడలేదు. ముందు వరసలో ఒకాయన తలకి పైన ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు, అందులో చూశాను. ఆయన జూమ్ చేసింది వాళ్ళ చెట్టుని.

ఇంటికొస్తూ బండి మీద అడిగాను, "కథేమిటే?" అని.

"తెలీదమ్మా. నేను వెనకాల ఉన్నాను కదా" అంది.

ఆ జవాబు నెల్లాళ్ళు నా బుర్రలో తిరుగుతూనే ఉంది. ఏడేళ్ళ పిల్ల. ఎల్‌కేజీ నుంచి ఏడాదికోసారి చొప్పున నాలుగుసార్లు స్టేజి ఎక్కింది. చిలక, క్యారెట్టు, ఝాన్సీ లక్ష్మీబాయి వెనకాల సైనికుడు, ఇప్పుడు మేఘం. కానీ ఎదురుగా కుర్చీలో కూర్చుని ఒక నాటకం మొదలు నుంచి చివరిదాకా చూసింది మాత్రం ఒక్కసారి కూడా లేదు. ఒక్క సినిమా చూడకుండా నాలుగు సినిమాల్లో నటించినట్టు.

నా గొడవంతా ఇదే. మన ఊళ్ళో పిల్లల నాటకమంటే పిల్లలు ఆడే నాటకం అనే అర్థం స్థిరపడిపోయింది. పిల్లలు కూర్చుని చూడ్డం కోసం, నటన వచ్చిన పెద్దవాళ్ళు రిహార్సల్స్ చేసుకుని ఆడే నాటకం ఒకటుంటుందన్న ఆలోచనే మనకి రాదు. నంది నాటకోత్సవాల్లో బాలల నాటికలకి విడిగా ఒక విభాగం ఉంది, మంచిదే. అక్కడా రంగు వేసుకునేది పిల్లలు, మార్కులు వేసేది పెద్దలు. మే నెల రాగానే కాలనీల్లో థియేటర్ వర్క్‌షాప్ పోస్టర్లు పడతాయి. కింద చిన్నక్షరాల్లో స్టేజ్ ఫియర్ పోగొడతామని, కమ్యూనికేషన్ స్కిల్స్ పెంచుతామని ఉంటుంది. నేనూ ఒకసారి ఫీజు కట్టినదాన్నే కాబట్టి ఎవర్నీ దెప్పడం లేదు. కానీ నాటకాన్ని భయం పోగొట్టే మందులా పిల్లలకి పరిచయం చేస్తే, భయం పోయాక మందుతో పనేముంది? పదో తరగతికొచ్చాక ఎవరూ ఆ ఊసెత్తరు.

మా తోటి ఉద్యోగిని ఒకావిడతో ఈ మాటంటే, "పిల్లలు ఆడితేనేనండీ పిల్లలకి ఇంట్రెస్టు" అంది. కాదేమో అనిపిస్తుంది నాకు. బెర్లిన్‌లో గ్రిప్స్ అని ఒక థియేటర్ ఉంది. అక్కడ చిన్నపిల్లల పాత్రలు కూడా పెద్ద నటులే వేస్తారు, కథలు మాత్రం పిల్లల ఇబ్బందుల గురించి. ఆ పద్ధతిని 1980ల్లో నటుడు మోహన్ అగాషే పూణేకి తెచ్చి మరాఠీలో ఆడించారు. అంతకు ముందే, 1950ల చివర్లో, బొంబాయిలో సుధా కర్మార్కర్ పిల్లల కోసమే లిటిల్ థియేటర్ పెట్టారు. మరాఠీ వాళ్ళకి బాలనాట్యమంటే టిక్కెట్టు కొనుక్కుని వెళ్ళే వ్యవహారం. మనకి పాసు మీద వెళ్ళే వ్యవహారం. ఆ పాసు సంగతికి తర్వాత వస్తాను.

మనకి ఇది మొదట్నుంచీ లేదా అంటే, ఉంది. వేరే రూపంలో ఉంది.

మా అమ్మ పుట్టి పెరిగింది అనకాపల్లిలో. ఆవిడ చిన్నప్పుడు సురభి వాళ్ళు వచ్చి రేకులతో హాలు కట్టుకుని నెలల తరబడి ఆడేవారట. 1885లో కడప జిల్లా సురభి అనే ఊళ్ళో కీచకవధతో మొదలైన కుటుంబాల నాటక సమాజం అది. తాత, కొడుకు, కోడలు, మనవడు అందరూ నటులే. రోజూ టిక్కెట్టుకి డబ్బులెక్కడివి? అమ్మ, పక్కింటి పిల్లలు రేకుల సందులోంచి చూసేవారు. రెండు బాణాలు గాల్లో ఢీకొని నిప్పులు రాలడం, నారదుడు మబ్బుల్లోంచి దిగడం, ఘటోత్కచుడి నోట్లోకి లడ్లు వాటంతటవే ఎగిరి రావడం. ఇవన్నీ ఆవిడ ఇప్పటికీ చేతులు తిప్పుతూ చెబుతుంది. అన్నిటికంటే ఎక్కువసార్లు చెప్పేది మాత్రం వేరు. రాత్రి ప్రహ్లాదుడు వేసిన కుర్రాడు తెల్లారి మున్సిపాలిటీ కుళాయి దగ్గర బిందె పట్టుకుని లైన్లో నిలబడ్డాడట. పాములు కరిచినా, ఏనుగులు తొక్కినా చావనివాడు! అమ్మ వాడి వంకే చూస్తూ తన వంతు పోగొట్టుకుని ఇంట్లో తిట్లు తింది. "వాడి మెళ్ళో ఇంకా కాస్త రంగు మిగిలి ఉందే" అంటుంది. డెబ్భై రెండేళ్ళ మనిషి.

టీవీలో చూసిన ప్రహ్లాదుడు ఎవరికీ కుళాయి దగ్గర కనబడడు.

సురభిలో కూడా పిల్లలు ఆడారు కదా అని ఎవరైనా అనొచ్చు. నిజమే, ప్రహ్లాదుడు, లవకుశులు, బాలకృష్ణుడు వాళ్ళ పిల్లలే. కానీ ఆ పిల్లలు ఊయల్లో ఉన్నప్పట్నుంచీ తెర పక్క నుంచి రోజూ నాటకం చూసి చూసి, ఎవరి పద్యం ఎక్కడ ఎత్తుకోవాలో నోటికొచ్చాక రంగు వేసుకున్నవాళ్ళు. ముందు చూడ్డం, తర్వాత ఆడ్డం. మనం ఆ మొదటి సగాన్ని కోసేసి రెండో సగం పెట్టాం.

మా నాన్న వైపు ఊళ్ళో తూర్పు భాగవతం ఉండేది. సత్యభామ వేషగాడు జడ ముందుకేసుకుని వస్తే రాత్రి తెల్లారేదాకా మృదంగం మోత. పిల్లలకి ప్రత్యేకం ఏమీ లేదు. చాపలు పరుచుకుని, దుప్పట్లు కప్పుకుని, సగం నిద్రలో సగం మెలకువలో చూసేవాళ్ళు. తోలుబొమ్మలాటలోనూ అంతే. కథ నడుస్తున్నంతసేపూ తూగి, కేతిగాడు, బంగారక్క తెర మీదకొచ్చి తిట్టుకుంటుంటే లేచి కూర్చునేవాళ్ళట. ఆ బూతులు ఈ రోజు ఏ పేరెంట్స్ వాట్సాప్ గ్రూపూ ఒప్పుకోదు. నేనూ ఒప్పుకోనేమో. కానీ పిల్లలకి ఏది అర్థమౌతుందో మనం ముందే తూకం వేసి పెట్టకపోయినా, వాళ్ళకి కావలసింది వాళ్ళు ఏరుకుంటారని ఆ రాత్రులు చూసినవాళ్ళందరికీ తెలుసు.

ఇప్పుడు మన ఊరి ఆదివారం ఏమిటి? కైలాసగిరి, జూ, బీచ్ రోడ్డులో కురుసుర సబ్‌మెరైన్, ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్. లేదంటే మాల్. 2011 లెక్కల్లోనే 17 లక్షలు దాటిన ఊరు ఇది. హాళ్ళు లేవా అంటే ఉన్నాయి. పిఠాపురం కాలనీలో కళాభారతి ఉంది, సిరిపురంలో గురజాడ కళాక్షేత్రం ఉంది, పేరులోనే పిల్లల్ని పెట్టుకున్న చిల్డ్రన్స్ ఎరీనా ఉంది. నటులు లేరా అంటే ఆంధ్రా యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ విభాగమే ఉంది, నాటకం చదువుకుని బయటికొచ్చేవాళ్ళు ఉన్నారు. ఇక్కణ్ణించి గంటన్నర ప్రయాణంలో ఉన్న విజయనగరంలో 1892లోనే కన్యాశుల్కం ఆడారు. అందులో కరటకశాస్త్రి శిష్యుడు ఆడపిల్ల వేషం కట్టి లుబ్ధావధాన్లుకి పెళ్ళికూతురై వెళ్ళకపోతే కథే లేదు. మన పెద్ద నాటకాన్ని నడిపింది ఒక కుర్రాడి వేషం! అలాంటి చోట పిల్లలకి చూడ్డానికి నాటకం లేదంటే వినడానికే వింతగా ఉంటుంది.

మా అక్క బెంగళూరు జేపీ నగర్‌లో ఉంటుంది. వాళ్ళ పక్కనే రంగశంకర అనే నాటకశాల. 2004లో తెరిచారు. రెండేళ్ళ కిందట వేసవి సెలవులకి వెళ్ళినప్పుడు బాలింతరాలైన వాళ్ళ కోడల్ని వదిలేసి అక్క మమ్మల్ని అక్కడికి లాక్కెళ్ళింది. అక్కడ లేటొస్తే లోపలికి రానివ్వరు, ఎంతటివాళ్ళయినా సరే. ఆ సంగతి తెలిసి ఆటోలో మా అక్క పడిన టెన్షన్ చూడాలి. మూడేళ్ళు దాటిన పిల్లల కోసం ఆడిన ఆట. ఇద్దరు నటులు, ఒక గొడుగు, ఒక పొడవాటి నీలం గుడ్డ. మాటలు తక్కువ, ఉన్నవి కన్నడం. మా అక్కకే సగం అర్థమౌతుంది, మాకు అదీ లేదు. నలభై నిమిషాల్లో అయిపోయింది. స్వాగతోపన్యాసం లేదు. జ్యోతి ప్రజ్వలన లేదు. లైట్లు ఆర్పారు, మొదలెట్టారు. (అప్పుడు మా అమ్మాయికి జ్వరం, ఇంట్లో పడుకుంది, మా అక్క మనవణ్ణి ఒళ్ళో పెట్టుకుని నేను చూశాను. అందుకే పైన నాలుగుసార్లు ఆడింది, ఒక్కసారీ చూడలేదు అన్నది అక్షరాలా నిజం.)

ఆ మనవడు నలభై నిమిషాలూ నా వేలు పట్టుకునే ఉన్నాడు. నీలం గుడ్డ సముద్రమై మా వైపు పొంగి వచ్చినప్పుడు రెండు కాళ్ళూ పైకెత్తి కుర్చీలో పెట్టేసుకున్నాడు, తడుస్తాయని.

ఇక పాసుల సంగతి. మన దగ్గర నాటకం కరపత్రం మీద "ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే" అని ఉంటుంది. ఆరున్నరకి అని వేస్తే ఏడున్నరకి మొదలౌతుందని అందరికీ తెలుసు కాబట్టి ఏడుంపావుకి వస్తారు, వాళ్ళు రాలేదు కాబట్టి ఏడున్నరకి మొదలౌతుంది. ఇందులో ముందు ఎవరు లేటన్నది విత్తు ముందా చెట్టు ముందా లాంటిది. ఊరికే వచ్చినదాని మధ్యలోంచి లేచి వెళ్ళిపోవడానికి మొహమాటం కూడా ఉండదు. పెద్దవాళ్ళు అలవాటు పడ్డారు, భరిస్తారు. ఐదేళ్ళ పిల్ల భరించదు. దాని ఓపిక నలభై ఐదు నిమిషాలు, దాన్ని మనం శాలువాలకి ఖర్చుపెట్టేస్తే నాటకానికి ఏం మిగులుతుంది?

ఒక లెక్క వేశాను, తప్పైతే దిద్దండి. పిల్లల నాటకానికి వెయ్యి కుర్చీల హాలు అక్కర్లేదు, నిజానికి పనికిరాదు. నటుడి కళ్ళు కనబడాలి వాళ్ళకి. నూట యాభై మంది చాలు. టిక్కెట్టు 150 రూపాయలనుకుంటే ఒక ఆటకి 22,500. ఆదివారం రెండాటలైతే 45,000. ముగ్గురు నటులు, ఒక వాయిద్యకారుడు, లైట్లూ సామానూ చూసుకునే మనిషి, తలకి మూడు వేలు చొప్పున 15,000. చోటుకీ కరెంటుకీ ఇంకో 15,000 అనుకుందాం. మిగిలిన పదిహేనులో రాసినవాళ్ళు, బట్టలు, వ్యాను, టీలు. ఎవరూ కోటీశ్వరులవ్వరు. కానీ మునిగిపోరు కూడా. మేం నలుగురం ఒక సినిమాకెళ్ళి పాప్‌కార్న్‌తో సహా బయటపడేసరికి పదిహేను వందలౌతోంది. కాబట్టి డబ్బు లేదనే మాట నేను ఒప్పుకోను. ఇవ్వడం అలవాటు లేదు, అంతే.

ఈ లెక్క పట్టుకుని నేను వెళ్ళింది ఒక నటుడి దగ్గరికి. పేరు రాయను, ఆయనకి బాగుండదు. నాటకంలో పట్టా ఉంది. పరిషత్తుల్లో బహుమతులున్నాయి. బతుకుతెరువు మాత్రం స్కూళ్ళకి యాన్యువల్ డే స్కిట్లు తయారుచేసి ఇవ్వడం. నేను మేఘం కథ చెబుతుంటే నవ్వడం మొదలెట్టాడు.

"అక్కా, ఆ ట్రాకు నేనే చేశాను. భూమాత గొంతు మా ఆవిడది."

"పెదాలు ముందెళ్ళిపోయాయి."

"సిస్టం వాళ్ళది అక్కా, ట్రాకు బానే ఉంది" అని, కాసేపాగి, "ఎవరైనా చూస్తామంటే నాకు మాత్రం ఆడాలని ఉండదా?" అన్నాడు.

అలా మే నెలలో ఒక ఆదివారం సాయంత్రం ఎంవీపీ కాలనీలో మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో కాకి దిగింది. ఆరు కార్లు బయట రోడ్డు మీద పెట్టించాం. చాపలు వేశాం. పిల్లలు ముప్ఫై మంది దాకా, వెనకాల ప్లాస్టిక్ కుర్చీల్లో పెద్దవాళ్ళు. ఫోన్లన్నీ ఒక బకెట్టులో వెయ్యమన్నాం. సగం మంది వేశారు. దాహం వేసిన కాకి కథ, అందరికీ తెలిసినదే. నల్ల లుంగీ భుజాల మీంచి కప్పుకున్నాడు, ముక్కుకి ఏమీ పెట్టుకోలేదు. మెడ తిప్పడంలోనే కాకి వచ్చేసింది. వాళ్ళావిడ ఒక డప్పు, రెండు కొబ్బరి చిప్పలతో పక్కన కూర్చుంది.

కాకి ఎండలో తిరిగి తిరిగి వచ్చి, "నోరెండిపోనాదర్రా, సుక్క నీల్లు నేవేటి ఈ ఊర్ల?" అంది. పిల్లలు ఒక్కసారి నవ్వారు. ఇంగ్లీషు మీడియం పిల్లలు, స్టేజి మీద తెలుగంటే పద్యంలానో టీవీ యాంకర్‌లానో ఉంటుందనుకునేవాళ్ళు. "కాకి మన వాచ్‌మన్ తాతలా మాట్లాడుతోంది" అని ఒకడు గట్టిగా అనేశాడు. గేటు దగ్గర స్టూలు మీద కూర్చున్న వాచ్‌మన్ అప్పటిదాకా పక్కకి తిరిగి ఉన్నాడు. అప్పుడు స్టూలు ఇటు తిప్పుకున్నాడు. మా అమ్మాయి నా వైపు తిరిగి, "అమ్మమ్మలాగ" అంది.

తర్వాత జరిగింది ఏ రిహార్సల్లోనూ లేదు. కాకి కుండ చుట్టూ తిరుగుతోంది, ముక్కు అందడం లేదు, పడిపోబోతోంది. ముందు వరసలోంచి నాలుగేళ్ళవాడొకడు లేచాడు. తిన్నగా కాకి దగ్గరికి నడిచి, మెళ్ళో వేలాడుతున్న తన వాటర్ బాటిల్ తీసి మూత తిప్పి ఇచ్చాడు.

డప్పు ఆగిపోయింది. కాకి వాడి వంక చూసింది, బాటిల్ వంక చూసింది, మా అందరి వంకా చూసింది. తీసుకోకపోతే వాడి మనసు నొచ్చుకుంటుంది. తాగితే కథ అయిపోతుంది. నటుడి ముఖం మీద చెమట నిజంగానే కారుతోంది. ఎత్తి గటగటా తాగేశాడు. తాగి, మూతి తుడుచుకుని, తెచ్చిపెట్టుకున్న గులకరాళ్ళ గుట్ట చూపించి, "మరిప్పుడు ఈటినేటి సెయ్యాలిరా?" అని అడిగాడు.

తర్వాత పావుగంట కథని పిల్లలే లాక్కుపోయారు. మిగతా కాకులకి దాహం వెయ్యదా అని ఒకమ్మాయి అడిగింది. అంతే, రాళ్ళన్నీ కుండలో పడ్డాయి, ఒక్కొక్కరూ వచ్చి వేశారు. నీళ్ళు పైకొచ్చి పొర్లి చాపలు తడిశాయి. మా అమ్మాయి మూడు రాళ్ళు వేసింది. మర్నాడు వాళ్ళ అమ్మమ్మకి ఫోన్ చేసి కథంతా మొదట్నుంచీ చెప్పింది, బాటిల్‌తో సహా, యాసతో సహా. నేను పక్క గదిలోంచి విన్నాను. వెనకాల ఉన్నాను కదా అనే మాట ఎక్కడా రాలేదు.

ప్రపంచ బాలల రంగస్థల దినోత్సవం మార్చి 20న వస్తుంది. మన తెలుగు నాటకరంగ దినోత్సవం కందుకూరి వీరేశలింగం పుట్టినరోజు, ఏప్రిల్ 16న. రెండూ పరీక్షల రోజుల్లోనే పడి ఎవరికీ పట్టవు. అందుకని దినోత్సవాల జోలికి పోకుండా ప్రతి నెలా రెండో ఆదివారం నాలుగున్నరకి ఒక ఆట, టిక్కెట్టు యాభై రూపాయలు, అని అసోసియేషన్ మీటింగులో పెట్టాను. సెల్లారే కదా, పెద్ద హాలు లెక్కలు తర్వాత.

ఒకరు ఫ్రీగా పెడితే ఎక్కువమంది వస్తారన్నారు. ఇంకొకరు మన పిల్లల చేత కూడా మధ్యలో ఒక ఐటమ్ చేయిద్దామన్నారు. సెక్రటరీగారు కార్పొరేటర్‌ని ముఖ్య అతిథిగా పిలుద్దామన్నారు, శాలువా ఖర్చు ఆయనే పెట్టుకుంటారట. మూడింటికీ వద్దన్నాను, కాస్త గట్టిగానే అన్నానేమో, లిఫ్టులో ఇద్దరు మాట్లాడ్డం మానేశారు. వాచ్‌మన్ కుటుంబానికి టిక్కెట్టు వద్దని ఒప్పించాను. కార్లు మాత్రం తేలలేదు. ఐదుగురు సరేనన్నారు, రెండో అంతస్తు చివరి ఫ్లాటాయన తన కారు రోడ్డు మీద పెట్టనంటున్నాడు, పోయినసారి గీత పడిందట. ఆయనతో నేను మాట్లాడ్డం మానేసి వాళ్ళబ్బాయి చేత అడిగిస్తున్నాను. బాటిల్ ఇచ్చింది వాడే.